నంద్యాల స్టేషన్ నుంచి మంగంపేటకు: ఓబులేసును ఇంటికి చేర్చిన రోజు

అమ్మ పోయి ఏడాది నిండింది. ఆమె పేరున మహానందిలో అన్నదానం చేయిద్దామని, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, మార్చి నెలలో గుంటూరు నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను. రాత్రి రైలు ఉదయం ఏడింటికి నంద్యాలలో దింపింది. అక్కడి నుంచి మహానందికి బస్సులో నలభై నిమిషాలు, టికెట్టు పది రూపాయలు. దర్శనం చేసుకుని సత్రానికి వెళ్తే, భోజనాల వరుసలో కూర్చున్నవాళ్లంతా నాలాగా యాత్రకొచ్చినవాళ్లే. ఇంటికెళ్తే అన్నం దొరికేవాళ్లే. బయట పూలమ్మే ఆమెతో ఆ మాటే అన్నాను. "ఆకలైనోళ్లు కావల్లంటే నంద్యాల స్టేషన్ కాడికి పోమ్మా. ఆడ శెట్టిగారోళ్లు దినామూ మధ్యాన్నం అన్నం పెడతాండారు" అంది.

పన్నెండున్నరకు తిరిగి నంద్యాల చేరాను. స్టేషన్ బయట గోడ నీడన నలభై మంది దాకా పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. కిరాణా కొట్టు రంగయ్య శెట్టి, చుట్టుపక్కల దుకాణాలవాళ్లు కలిసి నడుపుతున్న పని అది. పేరు లేదు, బోర్డు లేదు. వంట హుసేనమ్మది. నన్ను ఎవరని కూడా అడక్కుండా చారు గరిటె చేతికిచ్చింది. వడ్డన అయ్యాక చూస్తే, గోడ చివర ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. హుసేనమ్మ ఆయన కోసం చారన్నం మెత్తగా పిసికి తీసుకెళ్లింది.

"ఓబులేసని పేరు. రెండేండ్లుగా ఈడే తింటాండాడు. ఏ ఊరప్పా అంటే పలకడు. మొన్న జొరంలో మాత్రం మంగంపేట, మంగంపేట అని కలవరించినాడు" అని చెప్పింది.

"పెద్దాసుపత్రిలో చూపించినాం. జొరం తగ్గింది గానీ మనిషి శానా నీరసించిపోయినాడు. మేము పూటకింత అన్నం పెట్టగలం, ఇల్లు యాడ తెస్తాం? రేపు నేనే మంగంపేటకు తీసకపోతా" అన్నాడు శెట్టి.

మర్నాడు నేను కడపలో స్నేహితురాలి ఇంటికి వెళ్లాల్సి ఉంది. జబ్బుమనిషితో ఆయనొక్కడే ఎందుకని, నేనూ మంగంపేట దాకా వస్తానన్నాను. ఓబులేసు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "వద్దు సామీ. చచ్చినాడనుకున్నోడు తిరిగొస్తే ఇంట్లో ఏం జెప్పుకుంటారు?"

శెట్టి ఎలాగో నచ్చజెప్పి ఒప్పించాక, మర్నాడు ఉదయం ఆరింటికి కడప బస్సెక్కాం. ఆళ్లగడ్డ దాటాం. దారి పొడుగునా ఎండిన చేలే. మైదుకూరులో బస్సు ఆగినప్పుడు టీ తెచ్చి ఇచ్చాను. రెండు గుక్కలు తాగాక ఓబులేసు తనే చెప్పడం మొదలుపెట్టాడు. మంగంపేటలో ముగ్గురాయి గనుల్లో రాళ్లు కొట్టేవాడట. దగ్గు పట్టుకుంది, పని పోయింది. కొడుకు కూలికి పోతే వచ్చేదే ఇంటికి ఆధారం. ఆ ఏడు వానల్లేక కూలీ సరిగా దొరకలేదు. "ఇంట్లో ఇద్దరు పిలకాయలమ్మా. తినే నోరు ఒగటి తగ్గితే వాళ్లకు మిగుల్తాదని లేసొచ్చినా" అన్నాడు.

కడపలో పదింటికి దిగి రాజంపేట మీదుగా పోయే తిరుపతి బస్సు పట్టుకున్నాం. ఇంకో రెండు గంటల దారి. బూడిదరంగు పొడి రాలుస్తూ గనుల లారీలు ఎదురవుతున్నకొద్దీ ఓబులేసు ముందు సీటు కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"దిగొద్దులే సామీ. ఇట్లే తిరుపతికి పోదాం."

"పోదాం గానీ, ముందు నీ గడప ఒకసారి తొక్కి చూడప్పా" అన్నాడు శెట్టి.

మంగంపేటలో దిగి నడిచాం. రేకుల ఇంటి ముందు ఓబులేసు భార్య లక్ష్మీదేవి చెనక్కాయలు వలుస్తోంది. తలెత్తింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఏడవలేదు, అరవలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇక బయటికి రాదేమో అనుకున్నాను. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి ముందు మాకిచ్చి, తర్వాత ఆయన వైపు తిరిగింది.

"యాడుంటివి?"

"నంద్యాల."

"ఏం తింటివి?"

"ఈయప్ప పెట్టినాడు."

ఆమె శెట్టికి దండం పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా, "నువ్వు పోయినావని మాకేం ముద్ద పెరగలా. నువ్వు తిన్యావో లేదో అని శానా దినాలు మేమే తినలా" అంది.

మమ్మల్ని లోపల కూర్చోబెట్టి సంగటి, చెనక్కాయల పచ్చడి వడ్డించింది. కొడుకూ కోడలూ పనికి పోయారట, పిల్లలు బడికి. ఓబులేసు పళ్లెం తీసుకుని గడప బయటికి నడిచాడు. అక్కడ నిలబడి, తల వంచుకుని, రెండు చేతులతో పళ్లేన్ని ముందుకు చాచాడు. ముందురోజు స్టేషన్ దగ్గర వరుసలో అందరూ అలాగే నిలబడటం నేను చూశాను.

లక్ష్మీదేవి గరిటె పక్కన పెట్టింది. లేచి వెళ్లి ఆయన చేతిలోని పళ్లెం తీసుకుంది. "ఈడ లైను లేదు. లోపలికొచ్చి కూచో" అంది. అప్పుడు ఏడ్చింది. శెట్టి గోడ వైపు తిరిగాడు.

మూడింటి బస్సుకు వెనక్కి వచ్చాం. నేను కడపలో దిగిపోయాను. మర్నాటి వంటకు బియ్యం చూసుకోవాలని శెట్టి అట్నుంచి అటే నంద్యాల వెళ్లాడు. రెండు నెలల తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి ఆయన కొట్టుకు ఫోన్ చేశాను. ఓబులేసుకు దగ్గు తగ్గలేదట, రాజంపేటలో మందులు తీసుకుంటున్నాడట. కోడలు అప్పుడప్పుడూ విసుక్కుంటోందట. "అయినా ఇల్లిడిసి పోలేదు టీచరమ్మా. నాకదే సాలు" అన్నాడు.

ఒక పూట అన్నం పెట్టి అమ్మ రుణం తీర్చుకోవచ్చనుకుని వెళ్లాను. ఆ దుకాణాలవాళ్లు రెండేళ్లపాటు, ఊరేదో కూడా చెప్పని మనిషికి రోజూ అన్నం పెట్టారు. అలా పెట్టబట్టే, చెప్పే రోజు వచ్చేదాకా ఆయన బతికి ఉన్నాడు. నేను చేసిందల్లా ఒక రోజు ఆయన పక్క సీట్లో కూర్చోవడం. అమ్మ ఉంటే ఈ కథే రెండుసార్లు చెప్పించుకునేది.

మీలో ఎవరైనా ఇలాంటి చోట అన్నం పెట్టాలని బయలుదేరితే పండగ రోజో అమావాస్యో పెట్టుకోకండి. ఆ రోజుల్లో దాతలు ఎక్కువై వండింది మిగిలిపోతుందని హుసేనమ్మ చెప్పింది. మామూలు మంగళవారమో బుధవారమో చూసుకుని, ముందురోజే వాళ్లకు కబురు చేసి వెళ్లండి.