తొప్పూరు కనుమ మూసుకున్న రోజు

ధర్మపురి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను చేరిన మొదటి వేసవి అది. అప్పట్లో పక్క ఊరికి ఫోన్ చేయాలన్నా మా చేతుల మీదుగానే. ఎవరైనా రిసీవరు ఎత్తితే బోర్డు మీద చిన్న దీపం వెలుగుతుంది. మేము తీగ గుచ్చి, ఏ ఊరు కావాలో అడిగి కలుపుతాం. సేలానికి ఉన్న లైన్లు కొన్నే.

ఆ మధ్యాహ్నం తొప్పూరు కనుమలో లారీ బోల్తాపడి సేలం దారి మూసుకుపోయింది. మామిడికాయల కాలం, పైగా పెళ్ళిళ్ళ రోజులు. కాసేపట్లోనే బోర్డు నిండా దీపాలు. అందరికీ సేలమే కావాలి. ఏది ముందు అందుకోవాలో తెలియక నాకు చేతులు ఆడలేదు.

పక్క కుర్చీలో మా సీనియర్ అక్క కూర్చునేది. పాపారపట్టిలో అంగడి నడిపే తెలుగువాళ్ళ అమ్మాయి. ఆఫీసులో అందరితో అరవం, నాతో మాత్రం తెలుగు.

"పాపా, ముందు అందరినీ ఒకసారి పలకరించు. కొంచెం ఉండమని ‘కొంజం ఇరుంగ’ అంటే చాలు, కాచుకుంటారు. సేలం ఎందుకు అడగతా ఉండారో కనుక్కో," అనింది.

కనుక్కుంటే దాదాపు అందరిదీ ఒకే ప్రశ్న: దారి తెరిచినారా? అక్క సేలం ఆపరేటరును తానే అడిగి నాకు చెప్పింది. ఇంకా తెరవలేదని నేను అందరికీ చెప్పాను. చాలామంది ఆ మాటతోనే ఫోన్ పెట్టేశారు. లైన్లు ఖాళీ అయ్యాయి.

"అదే మాట చెప్పుకుంటా కూర్చోవద్దు. ఏ నిమిషమైనా తెరుస్తారు. నేను మళ్ళీ మళ్ళీ అడగతా ఉంటాను," అనింది.

అంతలో హరూరు నుంచి ఒకాయన. భార్యకు కష్టమైన కాన్పు. వేరే దారిన సేలం తీసుకుపోతున్నారు, ఆసుపత్రిలో ముందే చెప్పి ఉంచాలి. ఆయన మాట పూర్తయ్యేలోపే లైను కలిపాను.

కొన్నాళ్ళకు ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. తల్లీబిడ్డా క్షేమమట. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు కాబట్టి వరండాలో నిలబడి, ఆ రోజు మాట్లాడిన అమ్మను చూడాలన్నాడట. నేను అక్క వైపు చూశాను.

"లైను ఇచ్చినది నువ్వే కదా, నువ్వే పో. నీ బోర్డు నేను చూసుకుంటాను," అనింది.

ఆయన చేతులు జోడించాడు. ఆ రోజు లైన్లు ఖాళీ చేయించిన అక్కకు చెందవలసిన ఆ దండం నేను అందుకున్నాను. లోపలికి వచ్చి అక్కతో ఆ మాటే అన్నాను. ఆమె నవ్వి, వెలిగిన దీపం ఒకటి నాకు చూపించింది.