ఎక్కువ పోసిన మిథనాల్

మొన్న ఏర్పేడు దగ్గరి ఒక కాలేజీలో ప్రయోగశాలలు చూపిస్తామంటే, నాలాంటి పాతకాలం ల్యాబ్ అసిస్టెంట్లం కొందరం పోయినాము. అక్కడొక అమ్మాయి మామూలు ఓవెన్లోంచి తెల్లటి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. ఏరోజెల్ అంటారు దాన్ని. ఇసుకలో ఉండే సిలికాతోనే చేసినా దూదికన్నా తేలిక, వంచితే వంగుతుంది, నీళ్ళు పోస్తే తడవకుండా జారిపోతాయి. ఆ పిల్ల నవ్వుతా చూపిస్తుంటే నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది, ఎందుకంటే మా రోజుల్లో దాన్ని ఆరబెట్టడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే.

తిరుపతిలో కాలేజీ ల్యాబులో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, సత్యవేడు నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న ఒకాయన ఉండేవాడు, తోడబుట్టకపోయినా నాకు అన్నే. సైలేన్ జాతి ద్రవాన్ని, నిప్పు తగిలితే భగ్గుమనే మిథనాల్‌లో కలిపి, బొట్టు బొట్టుగా అమ్మోనియా వేసి, గట్టి పెరుగులా పేరుకున్నదాన్ని రోజుల తరబడి మిథనాల్‌లోనే నానబెట్టి, చివరికి మందపాటి ఉక్కు పాత్రలో పెట్టి, మూత బిగించి విపరీతంగా వేడి చేసేవాళ్ళం. పాత్రలో మిథనాల్ తక్కువైతే బిళ్ళ పగులుతుంది, ఎక్కువైతే పాత్రే పగలొచ్చు. కొలిచి పోయడం నా పని. అంతకుముందు రెండుసార్లు బిళ్ళలు పగిలి అన్న అన్నం మానేసి కూర్చోవడం చూసినదాన్ని గనక, ఈసారి పగలకూడదని, ఎవరికీ చెప్పకుండా ఇంకో అర బీకరు ఎక్కువ పోసినాను, బుద్ధిలేనిదాన్ని.

మధ్యాహ్నానికి పాత్ర లోపలి ఒత్తిడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. అన్న స్విచ్చి ఆపినా ఎక్కుతానే ఉంది. ఆవిరి వదిలే వాల్వు గబుక్కున తిప్పితే ఆయన ఏడాది కష్టం ముక్కలవుతుంది, నిదానంగా తిప్పాలంటే ఆ పాత్ర పక్కనే నిలబడాలి. "నువ్వు ఈడ ఉండొద్దుమ్మా, గోడ అవతలికి పో" అన్నాడు. గోడ అవతల నేను పడిన భయం ఇన్నేళ్ళలో ఇంక దేనికీ పడలేదు. అన్నకేమైనా అయితే వాళ్ళమ్మకు నేనేం చెప్పాలి అని ఒకటే ఆలోచన. నిజం చెప్పేద్దామని తలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చినాను. లోపల వాల్వు సన్నగా బుస్సుమనేది, అది ఆగితే నా గుండె ఆగేది. సాయంత్రానికి ముల్లు సున్నాకు వచ్చింది, మూత తీస్తే బిళ్ళ ఒక్క గీటు లేకుండా ఉంది.

కొలత తానే తప్పు లెక్క వేసినానని అన్న నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నేను మొదట ఉద్యోగం పోతుందని చెప్పలేదు, ఆ తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు దాచినావని అడుగుతాడేమోనని చెప్పలేదు. ఆయన లెక్చరరై, కొత్తగా చేరిన పిల్లకాయలందరికీ "నా మాదిరి లెక్క తప్పొద్దబ్బా" అని చెప్తుంటే, నేను పక్కనే బీకర్లు కడుగుతా ఉండేదాన్ని.

ఇప్పటి పిల్లలకు ఉక్కు పాత్రా లేదు, ఎర్రగీతా లేదు, ఓవెన్లో మామూలు గాలి ఒత్తిడిలోనే ఆరబెట్టేస్తున్నారు. ఆ భయం వాళ్ళకు తెలియకపోవడమే మంచిది. ఒకే గదిలో ప్రాణాలొడ్డి పనిచేసిన మనుషుల మధ్య ఉండే ఆ చనువు కూడా వాళ్ళకు తెలియదేమో. అన్న పోయినేడు కాలం చేసినాడు. అంతకు వారం ముందు చూడబోతే, "ఆ రోజు నా తప్పుతో నిన్ను అంత భయపెట్టినాను, మనసులో పెట్టుకోవద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలే అన్నా" అన్నాను నేను.