సీతారామపురం పోయిన సంచి

మొన్న నెల్లూరులో నా పరువు ఎట్లా పోయిందో చెప్తాను, ముందు టీ తాగండి. నవ్వితే మాత్రం ఊరుకోను!

నా ఎంటెక్ ప్రాజెక్టు సెల్యులార్ రేడియో మీద. సెల్‌ఫోన్‌ని మన ఉదయగిరిలో కళ్ళతో చూసినోళ్ళు లేరు, అయినా నేను రెండేళ్ళు దాని మీదే కూర్చున్నాను. విషయం చిన్నదే. సమాచారాన్ని ప్యాకెట్లు ప్యాకెట్లుగా గాలిలో పంపే చానల్స్ కొన్నే ఉంటాయి. ఒక ఏరియాకి ఇచ్చిన చానల్ వాడకుండా పడి ఉంటే, రద్దీగా ఉండే పక్క ఏరియాకి అప్పటికప్పుడు సర్దేయాలి. ఖాళీ పెట్టుకోని ఎదుటోళ్ళని నిలబెట్టకూడదు. అంతే!

దీని మీదే నెల్లూరు కాలేజీలో డెమో క్లాసు. ఉండేది ఒకటే లెక్చరర్ పోస్టు. ఇంట్లో ఊరికే తిని కూర్చుంటున్నానని మా నాయన నాతో మాట్లాడటం కూడా మానేసినాడు. ఇదీ పోతే ఇంక గొర్రెల వెనక పోవాల్సిందే.

ఆత్మకూరులో బస్సు మారాలి. స్టాండులోకి బస్సొచ్చింది, బోర్డు మీద 'నెల్లూరు' కనబడింది. జనం ఎగబడినారు. నేనేం తక్కువా? కిటికీలోంచి సంచిని సీట్లోకి విసిరినాను. సర్టిఫికెట్లు, ప్రొజెక్టర్ షీట్లు, గ్రాఫులు, అన్నీ అందులోనే! సీటు దొరికిందిగదా అని దర్జాగా టీ కొట్టుకి పోయినాను.

గ్లాసు దించేసరికి బస్సు లేదు.

"నెల్లూరు బస్సేదీ?" అని అరిచినాను.

టీ కొట్టాయన తాపీగా, "అది నెల్లూరుకి పొయ్యేది కాదు సార్, నెల్లూరు నించి వచ్చింది. సీతారామపురం పోతా ఉండాది" అన్నాడు.

బోర్డు సగమే చదివినాను, నా మొహం మండ! ఆ బస్సు వెనక పడితే ఇంటర్వ్యూ పోతుంది, పడకపోతే సంచి పోతుంది. చివరికి ఉత్త చేతుల్తో నెల్లూరు బస్సెక్కినాను. దారిలో సంగం ఊరు దాటినా సీటు దొరకలేదు, నిలబడే పోయినాను.

"గ్రాఫులేవండీ?" అన్నాడు ఇంటర్వ్యూలో పెద్దాయన.

"సీతారామపురం పోయినాయి సార్."

"సర్టిఫికెట్లు?"

"అవీ తోడు పోయినాయి."

ఆయన నవ్వను కూడా నవ్వలేదు. బెల్లు కొట్టి ఇంకొకర్ని పిలిచినాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది, నిజంగా.

సీతారామపురం బస్సు మా ఊరి మీదుగానే తిరిగి రావాలి గదా, సాయంత్రం ఉదయగిరి స్టాండులో కాచుకోని ఉంటే వచ్చింది. కండక్టర్ ఏదో ఘనకార్యం చేసినట్టు సంచి చేతికిచ్చినాడు.

"భద్రంగా ఉండాది సార్. మీ సీట్లో ఎవుర్నీ కూర్చోనియ్యలా. పాపం, ఒక అవ్వ సీతారామపురం దాకా నిలబడే వచ్చింది."

"ఖాళీ సీటేగదయ్యా! సంచి తీసి ఆమెని కూర్చోబెట్టొచ్చుగదా?"

"ఏంది సార్, అంత చదువుకోని అట్లంటారు? సంచి వేసినాక అది ఖాళీ ఎట్టయితాది!"

నా రెండేళ్ళ ప్రాజెక్టు అక్కడితో సరి. కాళ్ళీడ్చుకుంటా ఇంటికి పోతే, గడపలోనే మా నాయన ఇన్నాళ్ళకి నోరు తెరిచినాడు.

"ఏమైందిరా?"

"సీటు దొరికింది నాయనా. నాకు కాదు, సంచికి."