చింతచెట్ల వరసలో పాత డొంక

మా ఆయన పోయి ఏడాది తిరక్కముందే మా మరిది నా మిరపచేనికి దారి మూసేశాడు. రోడ్డు మీద నుంచి నా చేనికి పోవాలంటే అతని చేలో నుంచే పోవాలి. అక్కడ సర్కారు తుమ్మకంప కొట్టి అడ్డం వేశాడు.

"ఇక్కడ దారెప్పుడుంది వదినా? అన్న ఉన్నాడని ఊరుకున్నా" అన్నాడు.

మిరప పండి చెట్టు మీదే ఎర్రగా ఎండిపోతోంది. ట్రాక్టరు రాకపోతే కాయ కళ్లానికి ఎట్లా చేరుతుంది? నెత్తిన ఎన్ని మూటలని మొయ్యను? పెద్దమనుషుల్ని అడిగితే కాయితం ఉందా అన్నారు. కాపరానికి వచ్చిననాటి నుంచి నడిచిన దారికి కాయితమేమిటి?

కోతలు మొదలైన రోజున నరసరావుపేట కాలేజీ నుంచి ఒక మేడం వచ్చింది. ముసలి చెట్లను చూసి ఊళ్ల పాత సంగతులు కనిపెట్టే చదువట ఆమెది. మా రెండు చేలలో ఉన్న చింతచెట్లకు టేపు చుట్టి కొలిచింది. "అన్నీ ఒకే వరసలో ఉన్నాయేంటి పెద్దమ్మా?" అంది. నాకేం తెలుసు! కంప పక్కనున్న చెట్టు మొదట్లో మట్టి తీసి చూసింది. ఒకవైపు వేళ్లు గాడిపడి నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

అప్పుడే మా మరిది వచ్చాడు. ఆమె చేతిలో ఫోను చూడగానే మీసం సవరించుకున్నాడు.

"రాసుకోండి మేడంగారూ. మా తాత బండ్లు మాచర్ల దాకా పోయేయి. ఈ చెట్ల కిందనే ఎడ్లను ఇడిసేది. అసుమంటి ఎడ్లు పల్నాడులోనే లేవు."

"అన్ని బండ్లు ఇంత లోపలికి ఎలా వచ్చేవి బాబాయ్‌గారూ?"

"ఎట్టా ఏంది? ఇదేగా బండ్లు నడిచే డొంక! మా బండి చక్రాలు ఒరుసుకునేగా ఈ చెట్టు యేళ్లు అరిగింది!"

అని చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి తిన్నగా కంప మీదికే పోయింది.

కాయ కోస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "ఏమయ్యో, మీ తాత ఎడ్లు ఈ కంప మీద నుంచి ఎగిరేయా ఏంది?" అంది ఒకావిడ. చేనంతా ఒకటే నవ్వు. మేడం ఏమీ తెలియక ఫోటోలు తీసుకుంటూనే ఉంది.

"చానా సంబరంగా ఉందే వదినా నీకు!"

"నేనేమన్నానయ్యా? మీ తాత గొప్పోడు. ఆయన నడిచిన బాటన నా కాయ పోనీ."

పొద్దుగూకేలోగా ఆ మాట ఊరంతా చేరుతుందని అతనికి తెలుసు. తన చేత్తోనే కంప లాగి పక్కన పడేశాడు.

ఆ మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని సద్ది విప్పాను. కంప తీసిన దారి వైపే చూసుకుంటూ ముద్ద కలుపుకున్నాను.