సత్యవతక్కయ్య కొండల పుస్తకాలు ఎక్కడికీ పోవు

నిన్న పొద్దున పూజలో ఉండగా అవనిగడ్డ నుంచి ఫోన్.

మా పెద్దమ్మ కూతురు సత్యవతక్కయ్య ఇక లేదన్నారు. గుండెపోటట.

హారతి పళ్ళెం ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

అక్కయ్య హైస్కూల్లో సోషల్ టీచర్. కొండల్లో ఉండేవాళ్ళ గురించి పాఠంలో ఒక్క పేజీయే ఉందని ఆమెకు కోపం. "ఆ పేజీ రాసినాయన అక్కడ ఒక్క పూటైనా అన్నం తిని ఉండడే" అనేది.

అందుకే ప్రతి వేసవి సెలవుల్లో తనే వెళ్ళేది. పాడేరు దాకా బస్సు, తర్వాత జీపు, ఆ పైన నడక.

ఎత్తంటే కృష్ణ కరకట్ట తప్ప తెలియని మనవాళ్ళం, అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మొదటిసారి బుట్టెడు మామిడిపళ్ళు పట్టుకెళ్ళింది. ఎవరూ ముట్టలేదట. పిల్లలు కూడా చూస్తూ నిలబడ్డారట. తనని వేరు చేస్తున్నారనుకుని బాధపడింది.

చివరికి ఒక ముసలమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందట. కొత్త పండు ముందు దేవతకి పెట్టాలి, ఆ పండగ జరగకుండా ఊళ్ళో ఎవరూ నోట పెట్టరు అని.

మా అమ్మ నాకు నేర్పిన నైవేద్యమూ అదే కదా.

పళ్ళు కుళ్ళిపోయాయి. అక్కయ్య మాత్రం పండగ దాకా అక్కడే ఉండి మొదటి నోట్‌బుక్ నింపింది.

అలా పంతొమ్మిది.

పాటలు, పండగలు, ఏ గుట్టకి ఏ పేరు, ఎవరి తాతలు ఎక్కడి నుంచి వచ్చారు. చెప్పినవాళ్ళ పేర్లతో సహా. అన్నీ శుభ్రంగా తిరగరాసి ఆ ఊరి బడికి ఇస్తానని మాటిచ్చింది. సగమే అయింది.

నిన్న అవనిగడ్డలో అక్కయ్యని శ్మశానానికి తీసుకెళ్ళాక, ఇల్లు కడగాలని గది ఖాళీ చేస్తుంటే, వాళ్ళ తమ్ముడు శీను పురమాయించాడని ఆ పుస్తకాలు పాత పేపర్లతో కలిపి కట్టేశారు.

శీను తిరిగొచ్చాక అడిగాను.

"కొండవాళ్ళ కబుర్లక్కా అవి. ఏమన్నా భాగవతమా?" అన్నాడు.

"కాదని నీకెవరు చెప్పార్రా?" అన్నాను.

నేను గొంతు పెంచే మనిషిని కాదని మీకు తెలుసు. నిన్నా పెంచలేదు. కట్ట విప్పి, పంతొమ్మిదీ ఒళ్ళో పెట్టుకుని, ఆటో వచ్చేదాకా లేవలేదు.

ఇప్పుడవి బందర్లో మా దేవుడి గదిలో ఉన్నాయి. మైల కదా అని మా అత్తగారు అడిగారు. సగం దేవుడి పాటలే అత్తయ్యా అన్నాను.

శీనూ, ఇది నువ్వు చదువుతావు. చదువు.

నేను పదో తరగతి పాసైనదాన్ని. నా దస్తూరీ బాగుంటుంది. మిగతా సగం నేను రాస్తాను. వేసవిలో నేనే పట్టుకెళ్ళి ఆ బడిలో ఇస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

వెళ్ళిరా అక్కయ్యా. ఇచ్చిన మాట సగంలో ఉందని దిగులుపడకు. ఆ పాండురంగడి పాదాల దగ్గర చల్లగా, నిశ్చింతగా ఉండు.