పోటీకి ముందు రోజు

ఆ ప్లాస్టిక్ సర్జన్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలోని ఆసుపత్రిలో నేను ఆయన దగ్గర ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఆయనకు బాడీబిల్డింగ్ పోటీల పిచ్చి. చేతులు కడుక్కుంటూ కూడా కండ బిగించి అద్దంలో చూసుకునేవాడు. పోటీ దగ్గరపడితే, కండలు తేలాలని నీళ్లు మానేసేవాడు.

అలాంటి ఒక రోజు, కాలిన కనురెప్పకు ఆపరేషన్ కోసం వచ్చిన పాపకు మత్తు ఇవ్వబోతుంటే చూశాను. ఆయన వేళ్లు వణుకుతున్నాయి.

బాటిల్ తెచ్చి, “నీళ్లు తాగుండ్రి సార్. లేకుంటే నేను కత్తి ఇయ్యను,” అన్నాను.

“రేపే పోటీ సిస్టర్. ఎల్లుండి చేద్దాం,” అని బాటిల్ పక్కకు నెట్టి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ ఉందని ఆ పాపకు పొద్దుటినుంచి చుక్క నీళ్లు ఇవ్వలేదు. అదే బాటిల్ ఇచ్చాను. సగం తాగి, “డాక్టర్ సార్‌కు జెర ఉంచాల్నా అక్కా?” అంది.

“వద్దు. మొత్తం తాగు,” అన్నాను.