పాట ఆగిన చోటు

ఆదిలాబాద్ బస్సులో నా పక్కన సాక్సోఫోన్ పెట్టె పట్టుకొని ఒక కుర్రాడు కూర్చున్నాడు. తను కట్టిన జాజ్ పాట వినమని ఇయర్‌ఫోన్ ఇచ్చాడు. మధ్యలో పాట ఆగిపోయింది.

"ఛార్జింగ్ అయిపోయిందా తమ్మీ?" అన్నాను.

"కాదన్నా. మా బాపుది పెండ్లి బ్యాండు. బరాత్ దారిల చావైన ఇల్లొస్తే వాయించుడు ఆపి, దాటినంక మళ్ల మొదలువెడ్తుండె. గందుకే నేను గూడ జరసేపు ఆపిన. గా ఆపుడు తీసేస్తెనే స్టేజి ఎక్కనిస్తమని పట్నంల సార్లు అంటుండ్రు. తియ్యాల్నా అన్నా?"

పాట మళ్లీ మొదలైంది, కాస్త మెల్లగా.

"తియ్యకు," అన్నాను.

"ఉంచుమన్నది నువ్వొక్కనివే," అన్నాడు.

నాకు సంగీతంలో ఓనమాలు రావని చెప్పలేకపోయాను. నిర్మల్‌లో అతనొక్కడే దిగాడు.